స్టీలు సామాన్లామె వద్దన్న చీరతో బొంత, పాత పేపరుతో గుజ్జు బుట్ట: ఎలా చేయాలి?

మా నెల్లూరు జిల్లా కోవూరు వీధుల్లో ఇప్పటికీ అప్పుడప్పుడూ ఒకామె నెత్తిన గంప పెట్టుకుని వస్తుంది. "పాత బట్టలకు స్టీలు సామాన్లూ..." అని కేక. ఆమె ముందు మూట విప్పితే చూడాలి ఆ పరీక్ష! జరీ అంచు చీరలు ఒక పక్కకు, పాలిస్టరు చీరలు, ప్యాంట్లు ఇంకో పక్కకు పోతాయి. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీర చేతికొస్తే మాత్రం రెండు వేళ్లతో పట్టుకుని మన వైపే తోసేస్తుంది. "ఇది నాకెందుకమ్మా, నువ్వే ఉంచుకో."

ఉంచుకోవాల్సింది అదే. ఆమె ఏరుకున్నవి ఆమెకే ఇచ్చేసి గిన్నో గరిటో తీసుకోండి, నష్టం లేదు. పాలిస్టరుతో బొంత కుడితే మన ఎండాకాలంలో ఒళ్లంతా చెమటే. ఆమె వద్దన్న నూలు గుడ్డతో బొంత, కాళ్లు తుడుచుకునే కాలిపట్ట, వాటితో పాటు పాత పేపర్లతో ఒక బుట్ట ఎలా చేయాలో చెబుతాను. సీసాలకు జనపనార చుట్టడం, పేపరు పూలు చేయడం లాంటివి నేను రాయడం లేదు. అవి ఆరు నెలలు షోకేసులో దుమ్ము పట్టి, ఏడో నెలలో చెత్తబుట్టలోకే పోతాయి.

బొంతకు ఏ గుడ్డ?

మా ఇంట్లో ఎక్కువగా ఉండేవి మా పక్కనే ఉన్న పాటూరు చీరలు. అమ్మ దగ్గర రెండు వెంకటగిరి నూలు చీరలు, ఒక చీరాల చీర కూడా ఉన్నాయి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి, చీరాల బాపట్ల జిల్లాలోకి పోయాయి. చీరలు మాత్రం మా బీరువాలోనే ఉన్నాయి. వెంకటగిరి చీరను 100వ నంబరు సన్న నూలుతో నేస్తారు కాబట్టి ఒంటికి తగిలే పై పొరగా అది బాగుంటుంది. అడుగు పొరకు కాస్త బరువైన చీర కావాలి. ఇవేవీ లేకపోయినా పర్వాలేదు, పాత లుంగీలు, పంచెలు, నూలు దుప్పట్లు అన్నీ పనికొస్తాయి.

నూలో కాదో తెలియకపోతే అంచు నుంచి నాలుగు పోగులు లాగి, నీళ్లున్న ప్లేటు మీద పట్టుకుని అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి, వేలితో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. పాలిస్టరు కరిగి, గట్టి పూసలా ముద్ద కడుతుంది. షాపులో "కాటన్" అని అమ్మిన చీరల్లో సగం సగం కలిసినవి చాలానే ఉంటాయి. మా బీరువాలోనే మూడు బయటపడ్డాయి.

ఒక మనిషి కప్పుకునే బొంతకు రెండు చీరలు చాలు. చీర పొడవు సుమారు 5.5 మీటర్లు. దాన్ని మూడు మడతలు వేస్తే 6 అడుగుల పొడవు వస్తుంది, వెడల్పు 4 అడుగులకు రవంత తక్కువ. అలాంటివి రెండు ఒకదాని మీద ఒకటి వేస్తే 6 పొరలు. నెల్లూరు చలికి అంతకు మించి అక్కర్లేదు. 8 దాటితే సూది దిగదు, తడిస్తే ఎత్తలేం. పసిబిడ్డకైతే ఒకే చీరను 6 మడతలు వేయండి, దాదాపు 3 అడుగుల పొడవు వస్తుంది.

కుట్టే ముందు

ముందు చీరకు ఉన్న ఫాల్స్ ఊడదీయండి. తర్వాత గంజి పూర్తిగా పోవాలి. వేడినీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేయండి. గంజి మిగిలితే సూది మొరాయిస్తుంది, పైగా బీరువాలో తిరిగే వెండి పురుగులకు గంజి అంటే పండగ. ఎరుపు, ముదురు నీలం చీరలుంటే ఒక మూల తడిపి తెల్లగుడ్డతో గట్టిగా రుద్దండి. రంగు అంటితే ఆ చీరను బొంతలో కలపొద్దు, కాలిపట్టకు ఉంచండి. ఉప్పు నీళ్లలో ముంచితే రంగు నిలుస్తుందంటారు. నేను ముంచాను, నిలవలేదు.

అంచు గట్టిగా ఉంటే కత్తిరించి పక్కన పెట్టండి, దానికీ పని ఉంది.

ఇప్పుడు మడత. ఇందులో ఒక కిటుకు ఉంది. మామూలు కట్టులో చీర మధ్య భాగం కుచ్చెళ్లుగా పోతుంది. ఎక్కువగా నలిగి పలచబడేది అదే. చీరను చుట్టచుట్టకుండా, విసనకర్ర మడిచినట్టు ఇటూ అటూ మూడు మడతలు వేస్తే ఆ నలిగిన భాగం తనంతట తానే మధ్య పొరలోకి పోతుంది. పైటకొంగు పైకి వస్తుంది. చిన్న చిరుగులుంటే ముందే అతుకు వేయండి, పెద్దవైతే అవి కూడా లోపలి పొరలో పడేలా చూసుకోండి.

నేల తుడిచి, పొరలన్నీ పరిచి, నాలుగు మూలలా నీళ్ల బిందెలు పెట్టండి. మధ్య నుంచి బయటికి అరచేత్తో సాపు చేస్తూ రండి. ఎక్కడా ఉబ్బు ఉండకూడదు. తర్వాత జానెడు జానెడు దూరంలో నిలువుగా, అడ్డంగా కచ్చా కుట్లు వేయండి. ఇవి చివర్లో లాగేసేవే కాబట్టి వంకరగా ఉన్నా ఏం కాదు. కానీ ఇది మానేస్తే మాత్రం సగం కుట్టేసరికి అడుగు పొర ఒక పక్కకు జారి, అంచులు కలవవు. నా మొదటి బొంత ఇలాగే అయింది. ఒక మూల ఆరు పొరలు, ఇంకో మూల నాలుగు. దాన్నిప్పుడు సోఫా కింద పరుస్తున్నాం.

కుట్టు

దబ్బనం వద్దు. అది గోనెసంచులు కుట్టేది, నూలు చీరకు కన్నాలు పెడుతుంది. నేను దబ్బనం తీసిన రోజు మా అమ్మ, "ఏందిమే, ఆ చీరేమన్నా ధాన్యం బస్తానా, అట్ట పొడుస్తా ఉండావు?" అంది. ఫ్యాన్సీ షాపులో దొరికే పొడవాటి సూది, కాస్త లావు నూలు దారం తీసుకోండి. మెషిన్ దారమైతే రెండు పోగులు. దారం రెండు మూరలకు మించి వద్దు, పొడవైతే చిక్కుపడుతుంది. కొవ్వొత్తి మీద ఒకసారి లాగితే సులువుగా జారుతుంది.

నిలువుగా మధ్య వరస ముందు కుట్టండి. తర్వాత దానికి కుడి పక్కన ఒకటి, ఎడమ పక్కన ఒకటి, అలా బయటికి జరుగుతూ పోతే ముడతలు అంచుల వైపు వెళ్లిపోతాయి. అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి వస్తే మధ్యలో పొట్ట మిగులుతుంది. వరసకూ వరసకూ రెండు వేళ్ల దూరం. కుట్టు వడ్లగింజంత పొడవు చాలు. మూడు నాలుగు కుట్లు సూది మీదికి ఎత్తుకుని ఒకేసారి లాగండి, అయితే దారాన్ని బిగించొద్దు. ప్రతి కుట్టుకూ సూది అన్ని పొరలనూ దాటి కింద నేలకు తగిలిన చప్పుడు రావాలి. రాలేదంటే అడుగు పొర అందలేదని లెక్క.

ఈ వెడల్పుకు 30కి పైగా వరసలు పడతాయి. రోజుకు గంట చొప్పున నాకు రెండేసి వరసలు నడిచాయి, 16 రోజులు పట్టింది. మెషిన్ మీద ఒక్క పూటలో అయిపోతుంది. కానీ మెషిన్ కుట్టు పొరలను గట్టిగా నొక్కేస్తుంది, బొంత అట్టలా అవుతుంది. చేతికుట్టులో పొరల మధ్య గాలి ఉంటుంది, మెత్తదనం దానివల్లే. ఈ విషయంలో నేను రాజీపడను. అంచు పట్టీ మాత్రం మెషిన్ మీద వేయించుకోవచ్చు. తీసి పెట్టిన చీర అంచునే నాలుగు వైపులా మడిచి పట్టీగా కుట్టేస్తే సరిపోతుంది. జరీ ఉంటే ఆ ముక్క వద్దు, మెడకు గీసుకుంటుంది.

చివరగా కచ్చా కుట్లు లాగేయండి. ఉతికినప్పుడు తీగ మీద వేలాడేయకండి. తడి బరువుకు కుట్లు తెగుతాయి. మిద్దె మీద చాప వేసి దాని మీద పరచండి.

మిగిలిన పీలికలతో కాలిపట్ట

రంగు పోయే చీరలు, పాత నైటీలు, టీషర్టులు ఇక్కడికి వస్తాయి. మూడు వేళ్ల వెడల్పు పీలికలు చింపి, మూడు పాయల జడలా అల్లుతూ పోండి. పీలిక అయిపోతే ఇంకోదాన్ని చివరికి కుట్టి కొనసాగించండి. ఆ జడను నేల మీద గుండ్రంగా చుట్టుకుంటూ, పక్క పక్క వరసలను కలిపి కుట్టాలి. దబ్బనం పని ఇక్కడుంది. మొదటి మూడు నాలుగు చుట్లలో జడను లాగకుండా వదులుగా తిప్పండి. బిగిస్తే పట్ట బల్లపరుపుగా ఉండకుండా చిప్పలా పైకి లేస్తుంది. మెట్ల దగ్గర, టైల్సు మీద వేసేటప్పుడు జారుతుందేమో చూసుకోండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే మరీ.

పాత పేపర్లతో గుజ్జు బుట్ట

చేటలకు, వెదురు బుట్టలకు కాగితం గుజ్జు మెత్తడం మన పెద్దవాళ్లకు తెలిసిన పనే. అందులో మెంతులు కలపడమే అసలు రహస్యం. మెంతుల జిగురు కాగితాన్ని పట్టి ఉంచుతుంది, చేదు వల్ల పురుగు దగ్గరికి రాదంటారు.

కానీ ముందు కాలం చూసుకోండి. నేను కార్తీకంలో మొదలుపెట్టి తప్పు చేశాను. మిగతా ఆంధ్రాకు వానలు తగ్గే వేళకు మనకు ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నమ్మకమైన ఎండ ఉండదు. అయిదో రోజుకు నా బుట్ట పచ్చగా బూజు పట్టి, పుల్లటి వాసన కొట్టింది. మార్చి తర్వాత చేయండి. రోహిణి కార్తెలోనైతే రెండు రోజుల్లో పెళపెళలాడుతుంది.

కిలో పేపర్లు, 100 గ్రాముల మెంతులు తీసుకోండి. నున్నగా మెరిసే పత్రికల కాగితం నానదు, వద్దు. నోటు పుస్తకాలైతే పిన్నులు తీసేయండి. చిన్న ముక్కలుగా చింపి మూడు రోజులు నానబెట్టండి, రోజూ నీళ్లు మార్చాలి. మూడో రాత్రి మెంతులు వేరే గిన్నెలో నానేయండి. పొద్దున్నే కాగితాన్ని నీళ్లు పోయేలా పిండి, రోట్లో దంచండి. రోలు లేకపోతే మిక్సీలో గుప్పెడు గుప్పెడు, నీళ్లు ఎక్కువ పోసి తిప్పండి. కాగితం ఎక్కువ వేస్తే మోటారు కాలుతుంది. మెంతులను మెత్తగా రుబ్బి, పిండిన గుజ్జులో కలిపి చపాతీ పిండిలా పిసకండి. వేలితో నొక్కితే గుంట నిలవాలి, నీళ్లు కారకూడదు.

బుట్టకు కావలసిన ఆకారంలో ఉన్న గిన్నెను బోర్లించి, దాని మీద తడిగుడ్డ కప్పండి. పీలికల్లో మిగిలిందే చాలు. ఆ గుడ్డ మీద అర అంగుళం మందాన గుజ్జు మెత్తి, తడిచేత్తో నున్నగా చేయండి. మొదటి రోజు నీడలో, తర్వాత ఎండలో. నేరుగా ఎండలో పెడితే పైన ఆరి లోపల ఆరక పగుళ్లిస్తుంది. బయట గట్టిపడ్డాక గిన్నె నుంచి ఊడదీసి, గుడ్డ లాగేసి, లోపలి వైపు కూడా రెండు రోజులు ఎండబెట్టండి. ఆ తర్వాత లోపల మెత్తటి నూలు గుడ్డ ముక్కలు మైదా జిగురుతో అతికిస్తే చూడ్డానికి బాగుంటుంది, బలం కూడా.

ఇందులో తినే వస్తువులు పెట్టకండి. అచ్చు సిరాలో సీసం లాంటి లోహాలు ఉండొచ్చని, ఆహారానికి న్యూస్ పేపరు వాడొద్దని 2023లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హెచ్చరించింది కూడా. దారపు ఉండలు, గుండీలు, సూదులు, టీవీ రిమోటు, కరెంటు బిల్లులు పెట్టుకోండి. నీళ్లు తగిలే చోట మాత్రం ఉంచొద్దు.

గుజ్జు మిగిలితే పారబోయకండి. నిమ్మకాయంత ముద్దలు చేసి, బాగా ఎండబెట్టి డబ్బాలో వేసుకోండి. ఎప్పుడైనా బుట్ట అంచు విరిగినా, వెదురు చేటకు కన్నం పడినా, ఒక ముద్దను గంటసేపు గోరువెచ్చటి నీళ్లలో నానేసి, చిదిపి, ఆ చోట రెండు వైపులా మెత్తితే సరి.