‘ఈగో’ ఎక్కడ వాడాలి, ఎక్కడ మానాలి

ఒడిశా సరిహద్దులో ఉన్న పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద సాయంత్రాలు తెలుగు ట్యూషన్ చెబుతాను. పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తగువొస్తే ఇంగ్లీషు మాటలు విసురుకుంటారు. ఒకరోజు ఒకడు, "వాడికి ఈగో ఎక్కువ టీచర్, బ్యాటు ఇవ్వట్లేదు" అన్నాడు. "ఈగో అంటే ఏటి?" అన్నాను. "ఈగో అంటే... ఈగోయే." బియ్యం ఏరుతున్న మా అత్తగారు తలెత్తకుండానే, "ఈగో దోమో, ముందు బ్యాటు ఎవరిదో అడుగు" అన్నారు. బ్యాటు వాళ్ల అన్నది. ఇస్తే అన్న తంతాడని భయం, అంతే.

అప్పటినుంచి పిల్లలకి ఒక పని పెట్టాను. ఈగో అని నోటికి రాగానే ఆగి, దాని చోట తెలుగు మాట ఒకటి పెట్టి చూడాలి. నా అంతవాడు లేడన్నట్టు మాట్లాడితే అది పొగరు. తప్పని తెలిసినా పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే పంతం. రావాలనే ఉంది, కానీ ఇంకోసారి పిలిస్తే వద్దామని కూర్చుంటే బెట్టు. అవమానం జరిగిన గడప మళ్లీ తొక్కనంటే రోషం. ఈ చివరిదాన్ని ఈగో అంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. జీతం బాకీ అడిగిన పనిమనిషిని "దానికి ఈగో" అన్నావిడని చూశాను. అది ఆత్మాభిమానం. అలా ఒప్పుకుంటే డబ్బులివ్వాలి కదా!

ఈగోని తరిమేయమని అనను. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు మాది, జనం నోట్లో ఉన్న మాటని కాదనకూడదు. ఇద్దరు సమానుల్లో ఎవరు ముందు ఫోన్ చేయాలన్న తగువుంటుంది చూడండి, అక్కడ బాగా కుదురుతుంది. ‘ఈగోకి పోయాడు’, ‘ఈగో హర్టయింది’ అంటాం. ‘ఈగోగా ఉన్నాడు’ అనం. రాసేటప్పుడు దీర్ఘం మరవద్దు. ‘ఇగో’ అంటే చాలామందికి ‘ఇదిగో’ అని వినిపిస్తుంది.

సైకాలజీ చదివే పిల్లలు ఇంకో జాగ్రత్త పడాలి. ఫ్రాయిడ్ 1923లో జర్మన్‌లో వాడిన మాట ‘దస్ ఇష్’, అంటే ‘నేను’. ఇంగ్లీషులోకి తెచ్చినవాళ్లు లాటిన్ ‘ఈగో’ పెట్టారు, దానర్థమూ ‘నేను’ అనే. ఆయన లెక్కలో మనసుకి మూడు భాగాలు: ఇడ్ కోరికలు కోరుతుంది, సూపర్ ఈగో తప్పని గద్దిస్తుంది, ఆ రెండింటికీ బయటి లోకానికీ మధ్య సర్దుబాటు చేసేది ఈగో. కాబట్టి పరీక్షలో దాన్ని పొగరు అని రాయకండి. మన ‘అహంకారం’ కూడా మొదట తిట్టేమీ కాదు. భగవద్గీత ఏడో అధ్యాయంలో ఎనిమిది రకాల ప్రకృతిని చెబుతూ భూమి, నీరు, మనస్సు, బుద్ధితో పాటు దాన్నీ లెక్కపెట్టారు.

ఇక మా సరిహద్దు వాళ్లకి మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. పక్కింటి ఒడియా ఆవిడ ఏటా వాళ్ల రజ పండక్కి పోడపిఠా అనే పిండివంట పంపేవారు. ఒక ఏడాది పంపలేదు. "కొడుక్కి ఉద్యోగం వచ్చింది కదా, ఈగో" అని మా ఆయనతో అన్నాను. తర్వాత వాళ్ల అమ్మాయి గుమ్మంలో కనిపించి, "బొఉ అభిమాన కొరిఛి" అంది. అమ్మకి నేనంటే అభిమానమట! నవ్వుకుంటూ బజారుకి వెళ్లిపోయాను. ఒడియాలో అభిమానం అంటే మనవాళ్ల మీద మనసు నొచ్చుకోవడం, మన అలకన్నమాట. మా అమ్మాయి పెళ్లిచూపుల కబురు ఆవిడకి నేను చెప్పలేదు, కూరగాయల బండి దగ్గర తెలిసింది.

అది అలక అని తెలిశాక చేయాల్సింది ఒకటే. వెళ్లి వాళ్ల వంటింట్లో పీట వేసుకుని కూర్చుని, టీ పెట్టమన్నాను. టీ పొడి అయిపోయిందన్నారు. సంజాయిషీ చెప్పలేదు, లేవలేదు. ముందున్న చిక్కుళ్లు తీసి ఈనెలు వలవడం మొదలుపెట్టాను. సగం అయ్యేసరికి స్టవ్ మీద గిన్నె చప్పుడైంది.