గాలం పాఠాలు – 4: ముందు లోతు, తర్వాతే ఎర

మూడో పాఠం తర్వాత నాకు వచ్చిన మాటలన్నీ ఇంచుమించు ఒకటే. "అన్నా, బెండు కదల్లేదు, ఎర మాత్రం పోయింది." "పొద్దున్నుంచి కూర్చున్నాం, ఒక్క చేప కూడా పడలేదన్నా." కండలేరు రిజర్వాయర్ గట్టు మీద నుంచి ఒక తమ్ముడు ఫోటో పంపాడు. అందులో బెండు, అదే గాలం దారానికి కట్టే తేలే ముక్క, నీళ్ల మీద పక్కకి వాలి పడుకొని ఉంది. చూడగానే సంగతి తెలిసిపోయింది. తప్పు మీది కాదు, నాది. "బెండును లోతుకు తగ్గట్టు పెట్టుకోండి" అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోయాను. ఆ లోతు ఎట్లా చూడాలో చెప్పలేదు. అందుకని ఈసారి చెబుతానన్న పిండి ఎర పక్కనపెట్టి, లోతు దగ్గరికే మళ్లీ వస్తున్నా. ముడి వేయడం, కొక్కేనికి ఎర్ర (వానపాము) గుచ్చడం మీకు వచ్చేసి ఉంటాయి, వాటి జోలికి పోను.

బెండు పడుకుందంటే, బెండుకీ కొక్కేనికీ మధ్య దారం నీటి లోతు కంటే ఎక్కువగా ఉందని అర్థం. మిగిలిన దారం అడుగున వదులుగా చుట్టుకొని ఉంటుంది. చేప ఎరను నోట్లో పెట్టుకొని జానెడు పక్కకి పోయినా ఆ వదులే సరిపోతుంది, బెండుకి కబురు అందదు. మీరు పైన బెండునే చూస్తుంటారు, కింద చేప తిని పోతుంది.

కొలిచే పద్ధతి ఇది. ఎర గుచ్చకముందు, ఖాళీ కొక్కేనికి బెండును ముంచేంత బరువు కట్టండి. నేను సైకిల్ షాపులో పడేసిన పాత నట్టును రబ్బరు బ్యాండుతో కొక్కెం వంపుకి బిగిస్తా. మీరు గాలం వేయబోయే చోటే దాన్ని దించి, దారం కాస్త వదలండి. బెండు మునిగిపోయిందా, దారం చాల్లేదు, బెండును పైకి జరపండి. పడుకుందా, ఎక్కువైంది, కిందికి జరపండి. నిలువుగా నిలబడి కొన మాత్రం కనిపిస్తే అదే లోతు. ఇట్లా మూడు నాలుగు సార్లు జరపాల్సి వస్తుంది, విసుక్కోవద్దు.

పైకి తీశాక నట్టును ఊరికే కడిగేయకండి. దాని రంధ్రంలో ఏముందో చూడండి. నల్లటి బురద మెత్తగా అంటుకుని ఉంటే అక్కడ మోసు, అంటే అడుగున మేసే చేప, తిరిగే అవకాశం ఉంది. పచ్చటి నాచు పోగులు వస్తే కొక్కెం చిక్కుకుంటుంది, రెండు అడుగులు పక్కకి జరగండి. ఏమీ అంటకుండా, దించినప్పుడు చేతికి టక్కున తగిలితే కింద బండ.

ఇప్పుడు అసలు గొడవ. దాదాపు అందరూ కాళ్ల దగ్గర కర్ర దించి లోతు చూస్తున్నారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. మట్టికట్టకు పేర్చిన రాళ్లు నీటి అంచుతో ఆగిపోవు, అదే వాలుతో లోపలికి దిగుతాయి. కాళ్ల దగ్గర మూరెడు లోతే ఉన్నా, రెండు బారల అవతల మనిషి మునిగే లోతు ఉండొచ్చు. మూరెడు చూసుకొని అవతలికి వేస్తే ఎర నీళ్లలో ఎక్కడో మధ్యన వేలాడుతుంది. కంభం చెరువులో వెనక వైపు, నీళ్లు పలచగా పరుచుకునే చోట, దీనికి తలకిందులు: చాలా దూరం పోయినా మోకాలి లోతే. అక్కడ కట్ట మీద అలవాటుతో దారం పెంచారా, బెండు పడుకుంటుంది. గుండ్లకమ్మ రిజర్వాయర్‌లో మల్లవరం వైపు కూర్చునేవాళ్లకీ ఇదే మాట. ఎక్కడ వేస్తారో అక్కడే కొలవండి.

నిన్నటి లోతు కూడా ఈరోజు పనికిరాదు. సోమశిల రిజర్వాయర్ నిండితే 78 టీఎంసీలు, కండలేరు నిండితే 68. కానీ ఆ నీళ్లు నిలకడగా ఉండేవి కావు. సోమశిల నుంచి పెన్నా డెల్టా పొలాలకు వదులుతారు. కండలేరు నుంచి 1996 మొదలు చెన్నైకి కూడా పోతున్నాయి. కూర్చోగానే నేను అంచున ఉన్న రాయి మీద నీటిమట్టానికి సుద్దముక్కతో గీత గీస్తా. గంట తర్వాత గీత కింద తడి రాయి బయటపడితే నీళ్లు తగ్గుతున్నట్టే, మళ్లీ నట్టు కడతా.

లోతు తెలిశాక ఎరను ఎక్కడ ఆపాలో చేప నోరే చెబుతుంది. బొచ్చె చేపకి కింది దవడ ముందుకొచ్చి నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పైనీటిలో తింటుంది. దానికి బెండు కింద రెండు మూడు జానలు చాలు. మోసు నోరు కిందికి ఉంటుంది, ఎర నేలకు ఆనాలి. పెదవి అంచున కుచ్చులుండే రాగండి ఈ రెండింటికీ మధ్యన. నాకైతే మోసు మీదే మక్కువ. గాలం కర్ర పొడవు కంటే లోతున్న చోటికి నేను పోను. రీలూ, దారం మీద జారే బెండూ వాడేవాళ్లు పోవచ్చు.

తూముల దగ్గర, గేట్ల దగ్గర వేయొద్దు. రిజర్వాయర్ మీద బతికే మత్స్యకారులను అడిగి, వాళ్ల వలలకు దూరంగా కూర్చోండి. పాచి పట్టిన రాళ్ల మీదకి ఒంటరిగా దిగొద్దు. వానల్లో గుడ్లతో ఉన్న చేప పడితే వదిలేయండి.

అభ్యాసం: మూడు సాయంత్రాలు ఒకే చోటికి పోండి. ఎర తీసుకుపోవద్దు, నట్టు ఒక్కటే. పది చోట్ల లోతు కొలిచి, జానల్లో కాగితం మీద రాసుకోండి. పక్కనే బురదో, నాచో, బండో అని రాయండి. మూడో రోజు ఆ పది చోట్లా మళ్లీ కొలిచి, ఎంత తేడా వచ్చిందో ఎర్ర పెన్నుతో వేయండి. పక్కవాళ్లకు చేపలు పడుతుంటే చేతులు ఊరుకోవని నాకు తెలుసు, అయినా ఓర్చుకోండి. ఆ కాగితం చేతిలో ఉంటేనే ఐదో పాఠంలో తవుడూ, వేరుశనగ చెక్కా కలుపుదాం.