పత్తి చేలో పంపు ఎత్తకముందే

మా ఆదోని వైపు పత్తి గింజ పెట్టాక రైతు ధ్యాసంతా మొలక మీదే ఉంటుంది. మందు సంగతి ఆగస్టులో పురుగు కనిపించాకే గుర్తొస్తుంది. అప్పటికి ఇంట్లో వేపగింజ ఉండదు, చేలో పురుగుల్ని పట్టే బుట్ట ఉండదు, చేతిలో డబ్బు అసలే ఉండదు. మిగిలింది అప్పిచ్చే అంగడి. అప్పిచ్చినాయన ఏ డబ్బా చేతిలో పెడితే అదే మందు. రెండు పెడితే రెండూ కలిపి కొట్టడమే. అందుకే మందు తగ్గించుకుందామనుకునే వాళ్లు జూన్‌లోనే జాగ్రత్త పడాలి.

ప్రభుత్వం వైపు నుంచి ఈ ప్రయత్నం నిన్నా మొన్నా మొదలైంది కాదు. ఉమ్మడి రాష్ట్రంలోనే మహిళా సంఘాల ద్వారా పురుగుమందులు లేని సాగు చేయించారు. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని నడిపిస్తోంది. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌ వాళ్ల గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. బహుమతి సంగతి అటుంచితే, మనకు పనికొచ్చేది ఊళ్లో తిరిగే ప్రకృతి వ్యవసాయ సిబ్బంది. వాళ్లను దుక్కి దున్నేటప్పుడే కలవండి. ఉన్న చేనంతా ఒక్క ఏడాదిలో మార్చేయమని ఎవరన్నా చెబితే మాత్రం తొందరపడొద్దు. నన్నడిగితే మొదట ఒక ఎకరం చాలు.

వేపపండ్లు రాలేటప్పుడే ఏరిపెట్టుకోవాలి. గుజ్జు కడిగేసి, గింజను నీడలో ఆరబెట్టి, గాలి ఆడే గోనెసంచిలో పోయండి. ఎండలో పోస్తే సత్తువ పోతుంది, తడి ఉంటే బూజు పడుతుంది. కషాయానికి 5 కిలోల గింజలు దంచి, గుడ్డలో మూటకట్టి, 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానేయాలి. పొద్దున బాగా పిండి వడగట్టి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, 100 లీటర్లు చేసుకోవాలి. సాయంత్రం పూట, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. ఇది పురుగును అక్కడికక్కడే పడగొట్టదు, తిండి మాన్పిస్తుంది. తెల్లారి చేలోకి పోయి, చచ్చిన పురుగులు కనపడలేదని మళ్లీ అంగడికి పరిగెత్తొద్దు.

గులాబీ రంగు పురుగు సంగతి వేరు. అది కాయలోకి దూరాక కషాయమూ అందదు, ఖరీదైన మందూ అందదు. 45 రోజుల పైరుకే, మగ రెక్కల పురుగుల్ని వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టి, రోజూ పొద్దున రెక్కల పురుగుల్ని లెక్కపెట్టండి. బుట్టకు 8 చొప్పున వరసగా మూడు రోజులు పడితేనే మందు గురించి ఆలోచించాలి. బుట్టలో పెట్టే వాసన ఎర, అదే లూర్, గులాబీ రంగు పురుగుదేనా అని కొనేటప్పుడే చూసుకోండి, శనగపచ్చ పురుగుది వేరే ఉంటుంది. డిసెంబరు దాటాక ఇంకో తీత వస్తుందని పైరు ఉంచుకుంటే వచ్చే ఏటికి పురుగును మనమే మేపినట్టు.

ఇంట్లో చేసింది కదా, ఏమీ కాదులే అనే ధీమా వద్దు. పురుగుల కోసం ఇంట్లో కాచుకునే అగ్నిఅస్త్రం కషాయంలో పచ్చిమిర్చితో పాటు పొగాకు కూడా పడుతుంది. పొగాకులోని విషం చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. కాచేటప్పుడూ కొట్టేటప్పుడూ చేతులు, ముఖం కప్పుకోవాల్సిందే. ఇక అంగట్లో 'బయో' అని అమ్మే సీసా మీద తయారీ తేదీ, బ్యాచ్ నంబరు, కంపెనీ చిరునామా లేకపోతే అందులో ఏముందో దేవుడికే తెలియాలి. బిల్లు ఇవ్వనంటే కొనకండి.

ఇవన్నీ చేసినా ఒక్కో ఏడు రసాయన మందు తప్పదు. డబ్బా మీద రంగు త్రికోణం చూడండి: ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, చివరికి ఆకుపచ్చ. రెండు మందులు సొంతంగా కలపొద్దు. కలుపుమందు కొట్టిన పంపు పత్తికి వాడొద్దు. చేతికి తొడుగు, నిండు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ ఉండాలి. గాలికి ఎదురు నడవొద్దు, మిట్టమధ్యాహ్నం పంపు ఎత్తొద్దు.

మా చిన్నాయనకు జరిగింది చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. నాజిల్‌లో నలుసు అడ్డుపడితే ఆయన అలవాటుగా నోట్లో పెట్టుకుని ఊదినాడు. పొద్దుగూకేసరికి గట్టు మీద కూలబడి "తల తిరుగుతాంది రా" అన్నాడు. ఒళ్లంతా చెమట, నోట్లో నురగ లాంటి ఉమ్ము. పక్కచేని ఆయన ఉప్పునీళ్లు తాగించి కక్కించబోయాడు. అది చేయకూడని పని. మందు తడిసిన చొక్కా విప్పి, సబ్బుతో ఒళ్లు కడిగి, 108కి ఫోన్ చేయాలి. మేం ఆసుపత్రికైతే చేరాం కానీ, ఏం మందు అని డాక్టరు అడిగితే ఎవరి దగ్గరా సమాధానం లేదు. రెండు డబ్బాలు కలిపాడు, రెండూ చేలోనే ఉన్నాయి. మా తమ్ముడు చీకట్లో బండి మీద వెనక్కి పోయి వెతికి తెచ్చాడు. డబ్బా మీదే విరుగుడు ఏమిటో రాసి ఉంటుంది, మీరు దాన్ని వెంట తీసుకుపోండి.

ఆయన కోలుకున్నాడు. ఇప్పుడు ఆయన పంపు బెల్టుకు దారంతో కట్టిన పాత పళ్ల బ్రష్షు ఒకటి వేలాడుతుంటుంది. నాజిల్ అడ్డుపడితే దాంతోనే తుడుస్తాడు.