జీబ్రాఫిష్ పిండాల్లో మూర్ఛవ్యాధిని అధ్యయనం చేసే విధానం

డ్రావె సిండ్రోమ్ అనే తీవ్రమైన మూర్ఛవ్యాధి సాధారణంగా బిడ్డకు ఏడాది నిండకముందే, చాలాసార్లు జ్వరంతో పాటు మొదలవుతుంది. ఎక్కువమంది రోగుల్లో దీనికి మూలం, నాడీకణాల పొరలోని ఒక సోడియం చానల్‌ను తయారుచేసే ఎస్‌సీఎన్1ఏ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి దెబ్బతినడం. ఇటువంటి వ్యాధిలో మెదడు ఎదుగుతున్నప్పుడు ఏం జరుగుతుందో బతికున్న జీవిలోనే చూడాలంటే, గుడ్డులో ఉండగానే గాజులా పారదర్శకంగా కనిపించే జీబ్రాఫిష్ పిండం చాలా అనువైనది. 2013లో వెలువడిన ఈ చేప జన్యుక్రమం ప్రకారం మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి దీనిలో కనీసం ఒక సాటి జన్యువు ఉంది. అయితే పిండం కళ్లముందు కనిపిస్తోంది కాబట్టి కనిపించినదంతా వ్యాధి లక్షణమేనని భావించడమే ఈ రంగంలో కొత్తవారు చేసే పెద్ద పొరపాటు. వెనకబడిన ఎదుగుదల, విషప్రభావం, ఇరుకు డిష్ కూడా వ్యాధిలాగే కనిపించగలవు.

ముందు ఈ చేప మీ ప్రశ్నకు తగినదేనా అని తేల్చుకోవాలి. చేప మెదడులో మనిషికి ఉన్నట్లు ఆరు పొరల కార్టెక్స్ (మెదడు పైభాగం) లేదు కనుక, ఆ పొరల అమరికలోని లోపాలను ఇక్కడ వెతకడం వృథా. చలన నాడీకణాలు, నాడీతంతువులను చుట్టి ఉండే మైలిన్ తొడుగు, వెన్నుపాము వలయాలు, మూర్ఛలో జరిగే విద్యుత్ విస్ఫోటనాలు మాత్రం బాగా అధ్యయనం చేయవచ్చు. మరో మెలిక కూడా ఉంది. ఎముకచేపల పూర్వీకుల్లో జన్యువులన్నీ ఒకసారి రెట్టింపయ్యాయి. అందువల్ల ఎస్‌సీఎన్1ఏకు సాటిగా చేపలో ఎస్‌సీఎన్1ఎల్ఏఏ, ఎస్‌సీఎన్1ఎల్ఏబీ అనే రెండు జన్యువులు ఉన్నాయి. ఎల్ఏబీ రెండు ప్రతులూ పోయిన చేపపిల్లలోనూ ఎల్ఏఏ మిగిలే ఉంటుంది కాబట్టి, అది సగం మోతాదు మాత్రమే మిగిలిన మనిషి పరిస్థితికి కొంత దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

పెంపకానికి అక్వేరియం దుకాణంలో దొరికే చేపలను వాడకూడదు. వాటి వంశం తెలియదు, రోగాలను వెంట తెచ్చే ప్రమాదమూ ఉంది. వంశావళి నమోదైన రకాన్ని ఏదైనా పరిశోధన కేంద్రం నుంచి తెచ్చుకుని, పని మొదలుపెట్టేముందే సంస్థ జంతు నైతిక కమిటీ అనుమతి తీసుకోవాలి. చేపలను 28.5 డిగ్రీల సెల్సియస్ నీటిలో, 14 గంటల వెలుతురు, 10 గంటల చీకటి పద్ధతిలో ఉంచుతారు. సాయంత్రం ఆడ, మగ చేపలను జల్లెడ అడుగున్న పెట్టెలో నడుమ అడ్డుపలకతో విడిగా ఉంచి, మర్నాడు దీపాలు వెలగగానే పలక తీస్తే కొద్దిసేపటికే గుడ్లు జల్లెడ కిందికి జారుతాయి. జల్లెడ లేకపోతే తల్లిదండ్రులే వాటిని తినేస్తాయి.

గుడ్లను ఇ3 అనే పలుచని లవణ ద్రావణంలోకి మార్చి, పది సెంటీమీటర్ల డిష్‌లో యాభైకి మించకుండా ఉంచి, పాలిపోయిన వాటిని ఏరివేయాలి. ఈ సంఖ్యను తేలికగా తీసుకోకూడదు. కిక్కిరిసిన డిష్‌లో ఎదుగుదల మందగిస్తుంది. ఉష్ణోగ్రత విషయం మరింత ముఖ్యం. 28.5 డిగ్రీల వద్ద 24 గంటల్లో చేరే దశకు 25 డిగ్రీల వద్ద సుమారు 30 గంటలు పడుతుంది. నేను ఈ పని నేర్చుకుంటున్న రోజుల్లో, జన్యువు దెబ్బతిన్న ఉత్పరివర్తన పిండాల డిష్‌ను రాత్రంతా ఏసీ కింద బల్లమీద వదిలేసి, అదే తల్లిదండ్రుల మామూలు సోదర పిండాల డిష్‌ను మాత్రం ఇన్‌క్యుబేటర్‌లో పెట్టాను. మర్నాడు బల్లమీది పిండాల వెనుక మెదడు చిన్నగా కనిపించగానే, గొప్ప విషయం కనుగొన్నానని సంబరపడి బొమ్మలు కూడా తీశాను. తీరా వెన్ను పక్కనున్న కండర ఖండాలైన సోమైట్లను లెక్కపెడితే అవీ తక్కువగానే ఉన్నాయి. మెదడుకు ఏ లోపమూ లేదు, పిండాలు వయసులో చిన్నవి, అంతే.

కాబట్టి గడియారం ప్రకారం కాక దశ ప్రకారం పోల్చాలి. మొదటి రోజు సోమైట్ల సంఖ్యను, ఆ తరువాత తలకు మొండేనికి మధ్య కోణాన్ని, ఇంకా పెద్దయ్యాక శరీరం పొడవును ఆధారంగా తీసుకోవాలి. గుడ్డునుంచి బయటపడే సమయం ఒకే డిష్‌లోనే రెండో రోజు నుంచి మూడో రోజు దాకా మారుతూ ఉంటుంది కనుక దాన్ని వయసుకు కొలతగా తీసుకోకూడదు. ఫలదీకరణ జరిగిన సుమారు 10 గంటలకు, మెదడు, వెన్నుపాముగా మారబోయే నాడీ ఫలకం కనిపిస్తుంది. అది చేపలో మొదట గట్టి కడ్డీలా ముడుచుకుని, ఆ తరువాతే లోపల బోలుగా మారుతుంది. సుమారు 17 గంటలకు మొదటి కదలిక వస్తుంది. గుడ్డు పొర లోపల తోక ఒక్కసారిగా తల దాకా చుట్టుకుని మళ్లీ విప్పుకుంటుంది. వెన్నుపాము వలయం పనిచేయడం మొదలైందనడానికి సూక్ష్మదర్శిని కింద దొరికే తొలి సాక్ష్యం ఇదే. 21 గంటలు దాటాక సన్నని వెంట్రుకతో తాకితే స్పందిస్తుంది, సుమారు 27 గంటలకు ఈదే ప్రయత్నం చేస్తుంది.

చిత్రాలు తీయడానికి నలుపు వర్ణకం అడ్డు రాకుండా 24 గంటలకు ముందునుంచి వర్ణకం ఏర్పడకుండా ఆపే పీటీయూ అనే రసాయనాన్ని 0.003 శాతం కలపడం అలవాటు. కానీ అది థైరాయిడ్‌ను కూడా ప్రభావితం చేస్తుంది కనుక, పోల్చే పిండాలకు కూడా అదే మోతాదు ఇవ్వాలి, లేదా వర్ణకం లేని రకాన్ని ఎంచుకోవాలి. పిల్లను ట్రైకెయిన్‌తో మత్తులో ఉంచి, తక్కువ ఉష్ణోగ్రతకే కరిగే అగరోజ్ జెల్ ఒక శాతం ద్రావణంలో, అది గోరువెచ్చగా ఉండగా ఉంచి, గట్టిపడేలోగా మెదడు కటకం వైపు తిరిగేలా సర్దాలి.

జన్యువును మార్చడానికి, డీఎన్‌ఏను కోరిన చోట కత్తిరించే క్రిస్పర్ మిశ్రమాన్ని ఒకే కణం ఉన్న దశలోనే, అంటే ఫలదీకరణ జరిగిన సుమారు 45 నిమిషాల లోపు, సుమారు ఒక నానోలీటరు చొప్పున ఎక్కించాలి. ఎక్కించిన తరంలో మార్పు అన్ని కణాల్లోనూ ఒకేలా ఉండదు. అందువల్ల ఆ చేపలను సుమారు మూడు నెలలు పెంచి, స్థిరమైన వంశం తయారుచేసుకోవడమే పద్ధతి. జన్యువును మార్చకుండా దాని పనిని తాత్కాలికంగా అణచే మార్ఫోలినోలను మాత్రమే నమ్ముకుంటే ప్రమాదం ఉంది. అవి కొన్నిసార్లు కణాలను చావుకు నెట్టే పీ53 ప్రోటీన్‌ను ప్రేరేపించి నాడీకణాలను చంపుతాయి. అప్పుడు తల బూడిదరంగుకు తిరుగుతుంది, పరిశోధకుడేమో తన జన్యువు మెదడుకు అత్యవసరమని రాసుకుంటాడు.

ఒక ప్రతి మాత్రమే దెబ్బతిన్న ఎస్‌సీఎన్1ఎల్ఏబీ వాహక చేపలను ఒకదానితో ఒకటి జతకడితే పిల్లల్లో సుమారు నాలుగో వంతు పూర్తి ఉత్పరివర్తకాలు అవుతాయి. అవి ముదురు రంగుతో కనిపిస్తాయి, గాలితిత్తి సరిగా ఉబ్బదు. ఐదో రోజున 96 గుంటల ప్లేట్‌లో గుంటకొక పిల్లను ఉంచి, అలవాటుపడే వ్యవధి ఇచ్చాక వీడియో తీస్తే, అకస్మాత్తుగా గుంట చుట్టూ వేగంగా తిరిగి, శరీరం బిగుసుకుని పక్కకు ఒరిగిపోవడం చూడవచ్చు. నాడీశాస్త్రవేత్త స్కాట్ బరాబన్ బృందం 2013లో ఈ పిల్లలమీదే 320 రసాయనాలను పరీక్షించి, పాతకాలపు అలర్జీ మందు క్లెమిజోల్ మూర్ఛను తగ్గిస్తుందని గుర్తించింది. అందులో నేర్చుకోవలసింది రెండో మెట్టు. వీడియోలో శాంతించిన పిల్ల మెదడులోకి సూక్ష్మ ఎలక్ట్రోడు పెట్టి, విద్యుత్ విస్ఫోటనాలు కూడా ఆగాయో లేదో వారు సరిచూశారు. ఎందుకంటే కండరాలను స్తంభింపజేసే మందు, చావుబతుకుల్లో ఉంచే విషం, నిజమైన చికిత్స, ఈ మూడూ వీడియోలో ఒకేలా కనిపిస్తాయి. ఎలక్ట్రోడు సౌకర్యం లేనివారు కనీసం గుండె కొట్టుకునే వేగాన్ని, తాకితే స్పందించే తీరును ప్రతి గుంటలోనూ నమోదు చేయాలి.

ఏ గుంటలో ఏ రకం పిల్ల ఉందో లెక్కలు కట్టే వ్యక్తికి తెలియకూడదు. వీడియోల అంకెలు పూర్తయ్యాక పిల్లలను అధిక మోతాదు ట్రైకెయిన్‌తో నొప్పి లేకుండా చంపి, గుంట సంఖ్య తారుమారు కాకుండా ఒక్కోదాని నుంచి డీఎన్‌ఏ తీసి, జన్యురకం తేల్చిన తరువాతే ఆ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టాలి.