ఆయుధంగా పుట్టిన క్లోన్ పాత్ర: ధారావాహికలో ఆమెను ఎలా ఎదగనివ్వాలి

ముందు ఆమె వయసు తేల్చుకోండి. క్లోనింగ్ అంటే ఒక మనిషి జన్యువులతోనే మరో మనిషిని పుట్టించడం; దానివల్ల జన్యువులు వస్తాయి గానీ జ్ఞాపకాలు రావు. 1996లో స్కాట్లండ్‌లో క్లోనింగ్‌తో పుట్టించిన డాలీ అనే గొర్రె కూడా పిల్లగానే పుట్టింది. 277 ప్రయత్నాల్లో బతికి బట్టకట్టింది అదొక్కటే. మీ పాత్రకు పదిహేడేళ్లంటే ఆ పదిహేడేళ్లూ ఆమెకు ఎవరో అన్నం పెట్టారు, ఎవరో కొట్టారు, ఎవరో తుపాకి పట్టడం నేర్పారు. ఆమెకన్నా ముందు చెడిపోయిన పిండాల సంగతి ఆమెకు తెలుసా? ఇవన్నీ రాసుకున్నాకే కథ మొదలుపెట్టాలి. గాజు తొట్టెలోంచి నేరుగా ఎదిగిన మనిషిగా లేపాలనుకుంటే, అది మీరు కల్పించిన విద్య అని మొదటి భాగంలోనే పాఠకుడికి తెలియాలి.

తర్వాత ఆమెకు అప్పగించిన పని. 'శత్రువులను చంపడం' అని రాసుకుంటే చాలదు. ఎవరిని, ఎవరి కోసం, ఎప్పటిలోగా, తప్పితే ఏ శిక్ష అన్నది రెండు వాక్యాల్లో తేల్చండి.

ఇరవై భాగాల ధారావాహిక అనుకుందాం. మొదటి అయిదింటిలో ఆమెను మార్చకండి. కనీసం ఒక హత్య ఆమె చేతుల్లో పూర్తి కావాలి, అదీ నేర్పుగా. చివరి క్షణంలో ప్రతిసారీ ఎవరో అడ్డుపడితే ఆమె చేతికి మరక అంటదు, కథకు బరువుండదు.

ఆరో భాగం నుంచి మార్పు మొదలవ్వాలి, కానీ దయతో కాదు. ఆదేశానికీ చేతకీ మధ్య ఆలస్యంతో. ఉదాహరణకు, లక్ష్యం ఉండే ఇంటిపై ఎదురు మేడ మీంచి నిఘా వేసింది. ఆ ఇంటి ముసలాయన రోజూ పిట్టగోడ మీద కాకులకు అన్నం ముద్ద పెడతాడు. అది నివేదికలో అక్కర్లేదు, అయినా రాసింది. మూడో రోజు ఆయన రాలేదు. 'ముద్ద పెట్టలేదు' అని రాసి, కొట్టేసింది. ఇక్కడ అంతకు మించి ఒక్క మాట కూడా వద్దు. తొమ్మిదో భాగంలో నివేదికలో అబద్ధం, పన్నెండులో చిన్న ఆదేశాన్ని కావాలని పాడుచేయడం, పదిహేనులో ఎదిరింపు. మధ్యలో ఒకసారి వెనక్కి జారాలి: భయపడి, పాత పద్ధతిలోనే ఎవరినో గాయపరచాలి.

ఆమె మాటల్లో మొదట 'నేను' కనిపించకూడదు: 'ఆదేశం అందింది', 'పని అయింది'. 'నేను వెళ్లను' అనే మాటను పదిహేనో భాగం దాకా దాచిపెట్టుకోండి.

ఇలాంటి కథలు ఎక్కువగా చెడేది ప్రేమ దగ్గర. కథానాయకుడు చేయి పట్టుకోగానే ఆమె మారిపోతే, యజమాని మారాడంతే; ఆమె ఎదగలేదు. అసలు మనిషి జ్ఞాపకాలు మేల్కొని మంచిదాన్ని చేశాయన్నా అంతే, ఆ మంచితనం అరువు సొమ్ము. మారాక ఆమె నేర్పు పోగొట్టడం ఇంకో పొరపాటు. తలుపు వెనక నిలబడే తీరు, గదిలోకి రాగానే దారులు లెక్కపెట్టే కళ్లు చివరిదాకా ఉండాలి. ఎవరి కోసం లెక్కపెడుతుందన్నదే మారాలి. ఆమె చేతిలో చనిపోయినవాడి తల్లి ఆమెను క్షమించకపోయినా కథ సాగాలి. క్షమాపణ లేకుండా ఆమె ఏం చేస్తుందన్న దానికి కనీసం రెండు భాగాలు కేటాయించండి, అసలు కథ అక్కడే ఉంది.

చిత్తుప్రతి అయ్యాక ఆమె తీసుకున్న నిర్ణయాలు మాత్రమే ఒక కాగితం మీద వరసగా రాయండి. ఒక్కోదాని పక్కన ఆమె ఏం పోగొట్టుకుందో రాయండి. పక్కన ఏమీ లేని నిర్ణయాన్ని తిరగరాయాలి. వరసగా రెండు మలుపులు వేరేవాళ్ల వల్ల జరిగితే, రెండోదాన్ని ఆమె చేతికివ్వండి.