ఎలక్ట్రిక్ బస్సుల డిపోలో కరెంటు పద్దు కుదర్చడం ఎలా?

సిటీ బస్సు సంస్థలో ‘ఎనర్జీ, సస్టైనబిలిటీ’ పని అప్పగించగానే చాలామంది ముందు చేసేది డిపో రేకుల మీద సోలార్ పలకలకి కొటేషన్ పిలవడం. రెండోది, గోడకి ఆకుపచ్చ బోర్డు పెట్టించడం. ఆ రెండూ తర్వాత చూసుకోవచ్చు. అసలు పని ట్రాఫిక్ విభాగం, గ్యారేజ్, కరెంటు ఆఫీసు ఒకే కాగితం చూసి నడిచేలా చేయడం. హైదరాబాద్‌లో విమానాశ్రయం పుష్పక్ సర్వీసుల్లోకి ఎలక్ట్రిక్ బస్సులు 2019లోనే వచ్చాయి. ఇన్నేళ్లు గడిచాక కూడా కొత్త డిపో తెరిచిన ప్రతిచోటా అదే తప్పు చూసి చూసి విసుగొచ్చి రాస్తున్నాను.

1. కాగితాలు పోగుచేయండి

పన్నెండు నెలల హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు బిల్లులు, డీజిల్ రిజిస్టరు, బస్సువారీగా తిరిగిన కిలోమీటర్లు, రూటు షెడ్యూళ్లు. డెడ్ కిలోమీటర్లు, అంటే ప్రయాణికులు లేకుండా డిపోకీ రూటుకీ మధ్య తిరిగినవి, విడిగా రాయించండి. ఏ బస్సుకి ఎప్పుడు ఛార్జింగో రాసే చార్టుకి ఒక ఏ3 కాగితం, పెన్సిల్, రబ్బరు. కంప్యూటర్ తెర మీద చార్టు పెడితే రాత్రి షిఫ్టులో దాన్ని ఎవరూ చూడరు. కాగితమే, అదీ పెన్సిల్‌తోనే. ఇందులో చర్చ లేదు.

2. అన్నీ ఒకే కొలతలోకి తెండి

లీటరు డీజిల్‌లో దాదాపు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. ఎలక్ట్రిక్ బస్సుకి కిలోమీటరుకి ఎన్ని యూనిట్లు పడుతున్నాయో మీటరు దగ్గరే లెక్కకట్టండి. డ్యాష్‌బోర్డు చూపించే అంకెలో ఛార్జింగ్‌లో పోయే నష్టం కలవదు.

కర్బన లెక్క దగ్గర జాగ్రత్త. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మన గ్రిడ్‌లో యూనిట్‌కి సుమారు 0.7 కిలో. కిలోమీటరుకి 1.3 యూనిట్లు తాగే ఏసీ ఎలక్ట్రిక్ బస్సుని, లీటరుకి నాలుగున్నర కిలోమీటర్లు ఇచ్చే నాన్ ఏసీ డీజిల్ బస్సు పక్కన పెడితే కిలోమీటరుకి 0.91 కిలోకి 0.6 కిలో. ఎలక్ట్రిక్ బస్సే ఓడిపోతుంది! లీటరుకి రెండు, రెండున్నర మాత్రమే ఇచ్చే ఏసీ డీజిల్ బస్సు పక్కన పెట్టండి, అప్పుడు గెలుస్తుంది. ఏసీని ఏసీతోనే పోల్చాలి. రిపోర్టు చదివేవాళ్లలో ఒక్కరికి లెక్కలు వచ్చినా మీ పరువు పోయే చోటు ఇదే.

3. ఛార్జింగ్ చార్టు వేయండి

నిదానంగా చదవాల్సింది ఇదొక్కటే. మిగతావి తప్పినా సర్దుకోవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ముప్పై బస్సులు, ఒక్కోటి రోజుకి 160 కిలోమీటర్లు. బస్సుకి 190 యూనిట్ల చొప్పున బ్యాటరీల్లోకి వెళ్లాలి. ఒక్కో గన్ (బస్సుకి తగిలించే ఛార్జర్ ప్లగ్గు) 120 కిలోవాట్లు ఇస్తుంది, అందుకు లైను నుంచి సుమారు 130 లాగుతుంది. రాత్రి పదింటికి బస్సులన్నీ చేరగానే ముప్పై గన్లూ తగిలిస్తే 3,900 కిలోవాట్లు. పదేసి బస్సుల చొప్పున మూడు విడతలు చేస్తే 1,300. యూనిట్లు రెండింట్లోనూ అవే. కానీ బిల్లులో డిమాండ్ ఛార్జీ అని ఇంకో వరస ఉంటుంది. నెల మొత్తంలో ఏదో ఒక్క పావుగంటో అరగంటో మీరు లాగిన గరిష్ఠ లోడుకి కట్టాల్సిన డబ్బు అది. కేవీఏకి (బిల్లులో లోడు కొలత, ఇక్కడ కిలోవాటుతో దాదాపు సమానం అనుకోండి) నెలకి 500 రూపాయలు అనుకున్నా తేడా 13 లక్షలు. కొన్ని రాష్ట్రాల్లో ఈవీ ఛార్జింగ్ కేటగిరీకి డిమాండ్ ఛార్జీ ఉండదు కాబట్టి మీ టారిఫ్ ఆర్డరు (కరెంటు రేట్ల ఉత్తర్వు) ముందు చదవండి. ఛార్జీ లేకపోయినా ట్రాన్స్‌ఫార్మర్ కొనాల్సింది మాత్రం మీరే.

మామూలుగా జరిగేది ‘ముందొచ్చిన బస్సుకి ముందు గన్’. అది తప్పు. చార్టు రాత్రి రాకతో మొదలుకాదు, తెల్లవారుజాము పోకతో మొదలవుతుంది. 4:15కి బయల్దేరే బస్సుల్ని కాగితం పైన రాసి, అక్కణ్ణుంచి వెనక్కి రండి. అవి మొదటి విడత, 10 నుంచి 12. ఏడింటికి పోయేవి మూడో విడత, 2 నుంచి 4. ఏదైనా గన్ మొండికేస్తే మూడో విడత బస్సుకి ఇంకా మూడు గంటల టైముంటుంది. మొదటి విడతదానికి నాలుగు. నడుమ విడత గురించి టెన్షన్ అక్కర్లేదు.

ఇప్పుడు విడత మారే అర్ధరాత్రి పన్నెండు సంగతి. పది గన్లు తీసి పది తగిలించాలి. తీసేలోపే తగిలిస్తే పది నిమిషాల పాటు ఇరవై బస్సులు లాగుతాయి, మీటరు దాన్ని రాసుకుంటుంది. పాతది తీసి, హోల్డర్‌లో పెట్టాకే కొత్తది. ఇంకొకటి, గన్ కేబుల్ పొడవు నాలుగైదు మీటర్లే. రెండో విడత బస్సు మొదటి విడత బస్సు వెనక ఇరుక్కుని ఉంటే డిపో లోపల బస్సులు జరిపే షంటింగ్ డ్రైవర్ని నిద్ర లేపాలి. ఆయన లేవడు. అందుకని పార్కింగ్ గీతలు కూడా చార్టు ప్రకారమే గీయించండి, ఏ బస్సు ఎక్కడ నిలవాలో నేల మీద అంకె వేయించండి.

నా కళ్ల ముందు జరిగిందే ఒకటి చెప్తాను, డిపో పేరు వద్దు. ఒక వానాకాలం రాత్రి 9:50కి లైను పోయింది, 11:10కి వచ్చింది. గంటకి పైగా ఆలస్యమైందన్న కంగారులో రాత్రి సిబ్బంది ఉన్న గన్లన్నీ తగిలించేశారు. పాపం, మంచికే చేశారు. ఇరవై అయిదు నిమిషాల తర్వాత సూపర్‌వైజర్ చూసి సగం తీయించాడు. అప్పటికే లోడు కాంట్రాక్టు డిమాండ్‌కి, అంటే కరెంటు సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ లోడుకి, రెట్టింపు దాటింది. దాటినదానికి జరిమానా రేటు. నెలంతా పొదుపుచేసింది ఆ ఇరవై అయిదు నిమిషాల్లో పోయింది. అప్పటి నుంచి నా చార్టు అడుగున ఎర్ర స్కెచ్‌తో ఒక వరస ఉంటుంది: కరెంటు పోయి వస్తే పది గన్లే, మిగతావి ట్రాఫిక్ ఇన్‌ఛార్జికి ఫోన్ చేశాకే. ఉదయం రెండు ట్రిప్పులు రద్దయినా నష్టం వేలల్లో ఉంటుంది, లక్షల్లో కాదు. కొన్ని ఛార్జర్లు కరెంటు రాగానే వాటంతటవే మొదలవుతాయి. ఆ సెట్టింగ్ తీసేయించండి.

ఛార్జర్ కంపెనీలు ‘స్మార్ట్ లోడ్ మేనేజ్‌మెంట్’ అమ్ముతాయి. బాగానే పనిచేస్తుంది, నెట్‌వర్క్ ఉన్నంతవరకు. ఒక్కో గన్‌కి తక్కువ కరెంటు పంచుతుంది కాబట్టి పొద్దున నాలుగింటికి అన్ని బస్సులూ 85 శాతం దగ్గరే ఆగి ఉండొచ్చు. నాకు ముప్పై అరకొరగా నిండిన బస్సులకన్నా ఇరవై పూర్తిగా నిండినవే మేలు.

‘80 శాతం దాటితే బ్యాటరీ పాడవుతుంది’ అని ఫోన్ల సలహా బస్సులకి అంటించేవాళ్లతో కూడా జాగ్రత్త. మన సిటీ బస్సుల్లో ఎక్కువగా ఉండే ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీలకి అప్పుడప్పుడూ నూరు శాతం నింపకపోతే తెర మీది శాతమే అబద్ధం చెప్పడం మొదలెడుతుంది. కంపెనీ మాన్యువల్ ఏం చెబితే అదే.

4. పగటి ఛార్జింగ్, సోలార్

డిపో కప్పు మీద సోలార్ మంచిదే, కానీ ఎండ ఉన్నప్పుడు బస్సులు రోడ్డు మీద ఉంటాయి. పెద్ద ఎత్తున కావాలంటే ఢిల్లీ మెట్రోలా కొనుక్కోవాలి, 2019 నుంచి అది మధ్యప్రదేశ్‌లోని రేవా సోలార్ ప్లాంటు కరెంటు వాడుతోంది. మధ్యాహ్నం షిఫ్టు మారేటప్పుడు నలభై నిమిషాలు దొరికే బస్సులకి గన్ పెట్టండి, ఎండ వేళల రేటు తక్కువగా ఉంటే లాభమే.

5. బిల్లు వచ్చిన రోజు

మొత్తం అంకె చూసి సంతకం చేయకండి. ఆర్‌ఎండీ అంకె, అంటే ఆ నెల మీటరు రాసుకున్న గరిష్ఠ లోడు, చూడండి. పై ఉదాహరణలో అది 1,400 దాటితే మీటరు లోడ్ సర్వే (మీటరు దాచుకున్న లోడు రికార్డు) అడిగి తీసుకోండి. ఏ తేదీ, ఏ నిమిషం దగ్గర ఎక్కిందో అందులో ఉంటుంది. ఆ తేదీ రాత్రి డ్యూటీ రిజిస్టరు తెరిచి, ఆ షిఫ్టువాళ్లతో చార్టు ముందు నిలబడి మాట్లాడండి. కూర్చోబెట్టకండి, కుర్చీలు వేస్తే గంట పడుతుంది.