ఆంగ్ల జాతీయాలు, 7వ పాఠం: బైట్ ద బుల్లెట్

కిందటి పాఠంలో నేర్చుకున్న 'వెదర్ ద స్టార్మ్' మీదికి వచ్చిపడిన కష్టం గట్టెక్కేదాకా ఓర్చుకునేవారికి చెందిన మాట. నేటి జాతీయం 'బైట్ ద బుల్లెట్' అలాంటిది కాదు. ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తూ వచ్చి, ఇక తప్పదని తేలిపోయిన బాధాకరమైన పనికి మనంతట మనమే పూనుకోవడాన్ని ఇది తెలుపుతుంది.

తూటాను కొరకడం అన్నది దీని అక్షరార్థం. మత్తుమందు లేని కాలంలో శస్త్రచికిత్స జరిగేటప్పుడు సైనికుడి పళ్ల మధ్య తూటా పెట్టేవారన్న కథనం బాగా ప్రచారంలో ఉంది. అయితే, కొరడా దెబ్బల శిక్ష పడిన సైనికులు అరవడం నామోషీగా భావించి తూటాను నమిలేవారని 18వ శతాబ్ది చివర ఫ్రాన్సిస్ గ్రోస్ తన నిఘంటువులో నమోదు చేశాడు కనుక, ఆ రెండో ఆధారమే గట్టిదని నా అభిప్రాయం.

మనకు 'పంటి బిగువున' అనే పలుకుబడి ఉంది కదా అని చాలామంది దాన్నే దీనికి సమానార్థకంగా రాసుకుంటారు. పోలిక చక్కగానే ఉన్నా, అది భరించడం దగ్గరే ఆగిపోతుంది. 'గుండె దిటవు చేసుకుని' అంటే అసలు భావానికి మరింత దగ్గరవుతుంది. పంటి నొప్పిని నెలల తరబడి మాత్రలతో నెట్టుకొచ్చిన మనిషి చివరికి పన్ను తీయించుకోవడానికి కుర్చీలో కూర్చుంటే, అది బైట్ ద బుల్లెట్. వరదలో ఇల్లు పోగొట్టుకున్న మనిషి విషయంలో ఈ మాట వాడరాదు, ఎందుకంటే అక్కడ ఆయన ఎంచుకున్నదేమీ లేదు.

వాడుకలో దీని తర్వాత తరచుగా 'అండ్' వచ్చి, చేయబోయే పనిని చెబుతుంది. 'వియ్ హ్యావ్ టు బైట్ ద బుల్లెట్ అండ్ సెల్ ద హౌస్' అంటే మనసు రాయి చేసుకుని ఇల్లు అమ్మక తప్పదని. భూతకాలంలో 'బిట్' అవుతుంది: 'షి ఫైనల్లీ బిట్ ద బుల్లెట్ అండ్ టోల్డ్ హర్ ఫాదర్ ద ట్రూత్'. 'హ్యాజ్' తర్వాతైతే 'బిటెన్' అనాలి. ఎంతమంది గురించి చెప్పినా 'బుల్లెట్' ఏకవచనంలోనే ఉంటుంది, 'ద' వదలకూడదు. 'బైట్ ద డస్ట్' పూర్తిగా వేరు. అది నేలకూలడం, ఓడిపోవడం.

మీరు వెనకాముందాడుతున్న పని ఒకటి తలచుకుని, దాని మీద వర్తమానంలో ఒకటి, భూతకాలంలో ఒకటి చొప్పున వాక్యాలు రాయండి. చేసిన తప్పుకు ఫలితం అనుభవించడాన్ని చెప్పే 'ఫేస్ ద మ్యూజిక్' వచ్చే పాఠంలో.